ముక్కినప్పుడు, బిగించినప్పుడు: కటి కండరాలను స్కాన్‌లో ఎలా చూడాలి

దగ్గినా, తుమ్మినా, నీళ్ల బిందె ఎత్తినా మూత్రం చుక్కలు పడుతున్నాయనో, కింద ఏదో జారి అడ్డుపడుతున్నట్టు ఉందనో చెప్పే స్త్రీకి మన దగ్గర మామూలుగా రాసేది పొత్తికడుపు స్కాన్. నీళ్లు తాగించి, మూత్రసంచి నింపి, పొట్ట మీద ప్రోబ్ పెట్టి గర్భసంచి, అండాశయాలు చూస్తారు. రిపోర్టులో అంతా నార్మల్ అని వస్తుంది. ఆ మాట నిజమే. కానీ ఆమె అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. ‘స్కాన్‌లో ఏమీ లేదన్నారు కదా, ఇక ఓర్చుకోవాలి’ అనుకుని ఆమె ఏళ్ల తరబడి గుడ్డ పెట్టుకుని తిరుగుతుంది, పెళ్లిళ్లకూ ప్రయాణాలకూ వెళ్లడం మానుకుంటుంది.

లోపం ఉన్నది గర్భసంచిలో కాదు, దాన్ని కింద నుంచి మోసే కండరంలో. ఆ కండరాన్ని చూడాలంటే పద్ధతి మొత్తం తిరగబడాలి. ప్రోబ్‌ను పొట్ట మీద కాకుండా యోని ముఖద్వారానికి ఆనించాలి. మూత్రసంచి నిండుగా కాదు, ఖాళీగా ఉండాలి. కదలకుండా పడుకోమనకూడదు, బిగించమనాలి, ముక్కమనాలి, దగ్గమనాలి, ఆ కదలికనే చూడాలి. దీన్ని ట్రాన్స్‌పెరీనియల్ స్కాన్ అంటారు. ట్రాన్స్‌లేబియల్ అన్నా అదే. ఇందుకు ప్రత్యేక యంత్రం అక్కర్లేదు. గర్భిణులకు రోజూ వాడే వంపు ప్రోబ్, 3.5 నుంచి 6 మెగాహెర్ట్జ్ మధ్యది, ఈ పనికి చక్కగా సరిపోతుంది. అంటే చిన్న పట్టణంలోని స్కాన్ సెంటర్‌లో కూడా సరంజామా ఇప్పటికే ఉంది. కొరత పడుతున్నది పద్ధతి తెలిసిన చేతికి, సరైన మాట చెప్పగల నోటికి.

ఆ కండరం ఏమిటి

కటి అడుగున ఊయలలా పరుచుకున్న కండరాల పొర పేరు లివేటర్ ఏనై. అందులో మనకు ముఖ్యమైన భాగం ప్యూబోరెక్టాలిస్. అది ముందు జఘనాస్థి (పొత్తికడుపు కింది అంచున ఉండే ఎముక) లోపలి వైపున ఒక పక్క మొదలై, మూత్రనాళం, యోని, మలద్వారం పక్కగా వెనక్కి వెళ్లి, మలద్వారం వెనక నుంచి చుట్టి రెండో పక్క మళ్లీ ఎముకకు అంటుకుంటుంది. గుర్రపు నాడా ఆకారం. ఆ నాడా మధ్యలో ఉన్న ఖాళీని లివేటర్ హయాటస్ అంటారు; ఇక్కడ వాకిలి అందాం. మూత్రం, మలం, బిడ్డ అన్నీ ఆ వాకిలి గుండానే బయటికి రావాలి. అవసరం లేనప్పుడు దాన్ని మూసి ఉంచేది ఆ కండరమే.

కాన్పు కాని యువతుల్లో ఆ వాకిలి వైశాల్యం విశ్రాంతిగా ఉన్నప్పుడు సగటున 11 చదరపు సెంటీమీటర్లు, ముక్కినప్పుడు 14. మనిషికీ మనిషికీ తేడా చాలా ఉంటుంది. బిడ్డ తల బాగా వంగి వచ్చినా చుట్టుకొలత 32 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, అంటే అడ్డకోత వైశాల్యం దాదాపు 80 చదరపు సెంటీమీటర్లు. పధ్నాలుగు నుంచి ఎనభైకి సాగాలి. 2004లో మిషిగన్ విశ్వవిద్యాలయ బృందం కంప్యూటర్ నమూనాతో లెక్క కట్టినప్పుడు, అన్నిటికంటే లోపలి పోగులు తమ పొడవుకు 3.26 రెట్లు సాగాల్సి వస్తుందని తేలింది. మామూలు కండరం అంత సాగితే తెగిపోతుంది. చాలామందిలో తెగకుండా బయటపడటమే ఆశ్చర్యం. కొందరిలో మాత్రం అది ఎముక నుంచి ఊడిపోతుంది. పైన చర్మానికి ఒక్క కుట్టు పడకపోయినా లోపల ఊడి ఉండవచ్చు, కాన్పు గదిలో ఎవరి కంటికీ కనబడదు.

బల్ల మీద

ముందు ఆమెకు ఏం చేయబోతున్నారో చెప్పాలి: ప్రోబ్ లోపలికి వెళ్లదు, బయటే ఆనించి ఉంటుంది, నొప్పి ఉండదు. గదిలో మహిళా సహాయకురాలు ఉండాలి, తలుపు మూసి ఉండాలి, నడుము కింద దుప్పటి ఉండాలి. ఇవి కేవలం మర్యాద కోసం కాదు. సిగ్గుతో బిగుసుకుపోయిన మనిషి ముక్కలేదు, బిగించనూ లేదు. అప్పుడు వచ్చే కొలతలన్నీ తప్పే.

పరీక్షకు ముందు మూత్రానికి వెళ్లి రమ్మనాలి, వీలైతే మలవిసర్జన కూడా అయి ఉండాలి. నిండిన మూత్రసంచి కిందికి జారదు కాబట్టి జారుడు (అవయవాలు తమ చోటు నుంచి కిందికి దిగడం) తక్కువగా కనిపిస్తుంది. గట్టిపడిన మలం నీడ వేసి వెనక ఉన్న కండరాన్ని దాచేస్తుంది. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, మడమలు పిరుదుల దగ్గరికి తెచ్చి, పాదాలు కొద్దిగా ఎడంగా పెట్టాలి.

ప్రోబ్ మీద జెల్ వేసి, పౌడర్ లేని గ్లవ్ గానీ కండోమ్ గానీ పల్చటి ప్లాస్టిక్ పొర గానీ తొడిగి, పైన మళ్లీ జెల్ వేయాలి. పౌడర్ ఉన్న గ్లవ్ తొడిగితే బొమ్మ మసకబారుతుంది. తొడుగు లోపల గాలి బుడగ చిక్కుకుంటే తెర మీద నల్లటి చార పడుతుంది. సరిగ్గా ఆ చార కండరం ఎముకకు అంటుకునే చోట పడితే ‘ఊడిపోయింది’ అని పొరబడే ప్రమాదం ఉంది. అందుకే తొడుగు ఎక్కించాక బొటనవేలితో ఒకసారి బుడగలు పక్కకు తోసేయాలి. బాహ్య పెదవులను పక్కకు జరిపి, ప్రోబ్‌ను నిలువుగా ముందు నుంచి వెనక్కి ఆనించాలి. లోతు 7 నుంచి 9 సెంటీమీటర్లు, కోణం యంత్రం ఇచ్చినంత వెడల్పు.

ఒత్తిడి ఎంత? ఎముక అంచుకూ ప్రోబ్‌కూ మధ్య ఒక సెంటీమీటర్ కంటే తక్కువ ఎడం ఉంటే చాలు. దానికి మించి అదిమితే జారాల్సిన గర్భసంచిని చేత్తో పట్టుకుని ఆపినట్టే. ముక్కినప్పుడు ఏదైనా కిందికి వస్తుంటే దానితో పాటు ప్రోబ్‌ను నెమ్మదిగా వెనక్కి రానివ్వాలి. ఆనిక మాత్రం పోకూడదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. బొమ్మ పోతుందేమోనన్న భయంతో అదుముతారు, రిపోర్టులో జారుడు లేదని రాస్తారు, ఆమె మాత్రం సాయంత్రానికి కింద బంతిలా తగులుతోందని అంటూనే ఉంటుంది.

తెర మీద ఎడమ చివర కోడిగుడ్డు ఆకారంలో కనిపించేది జఘనాస్థి కీలు. దాని వెనకే నల్లటి పట్టీలా మూత్రనాళం, దాని పైన మిగిలిన కాస్త మూత్రంతో నల్లగా మూత్రసంచి. తరువాత యోని, ఆ తరువాత మలసంచి, కుడి వైపు ఏటవాలుగా మలద్వార నాళం. మలసంచి, మలద్వార నాళం కలిసే మడత వెనక మెరుస్తూ తెల్లగా కనిపించే ముద్దే మనం వెతుకుతున్న కండరం. చూపంతా ఆ ఎముకకూ ఈ తెల్లటి ముద్దకూ మధ్య దూరం మీద ఉండాలి. ఎముక కదలదు. కదిలే ప్రతిదాన్నీ దానితోనే పోల్చి కొలవాలి.

బిగించమన్నప్పుడు

సరిగ్గా బిగించినప్పుడు ఆ తెల్లటి ముద్ద ముందుకూ పైకీ, ఎముక వైపు జరుగుతుంది. మలద్వారం దగ్గరి మడత ఇంకాస్త వంగుతుంది. మూత్రసంచి మెడ, అంటే మూత్రనాళం మొదలయ్యే చోటు, కొద్దిగా పైకి లేస్తుంది. వాకిలి ముందు–వెనక కొలత తగ్గుతుంది. వదిలేయమన్నప్పుడు అన్నీ మళ్లీ మొదటి చోటికి రావాలి. వదలడం కూడా పరీక్షలో భాగమే. కొందరిలో కండరం ఎప్పుడూ బిగిసే ఉంటుంది, వదలడం రాదు. కలయికలో నొప్పి, మలబద్ధకం ఉన్నవాళ్లలో ఇది తరచు కనిపిస్తుంది. అలాంటివాళ్లకు ఇంకా బిగించే వ్యాయామం చెబితే బాధ పెరుగుతుంది.

చాలామంది సరిగ్గా బిగించలేరు. ఇది వాళ్ల తప్పు కాదు, ఆ కండరం కంటికి కనిపించదు. 1991లో అమెరికాలో బంప్ అనే పరిశోధకుడి బృందం 47 మంది స్త్రీలకు నోటిమాటగా మాత్రమే ఎలా బిగించాలో చెప్పి, మూత్రనాళంలో ఒత్తిడి కొలిచింది. వారిలో 23 మంది, అంటే 49 శాతం మాత్రమే సరిగ్గా చేశారు. 12 మంది చేసిన తీరు మూత్రం కారడాన్ని ఇంకా పెంచేలా ఉంది. నలుగురిలో ఒకరు. ఈ బిగించే సాధననే కెగెల్ వ్యాయామం అంటారు. కాగితం మీద ‘కెగెల్ వ్యాయామం రోజూ చేయండి’ అని రాసి పంపేయడం ఎంత పొరపాటో ఈ లెక్క చెబుతుంది. అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ఈ వ్యాయామాన్ని పరిచయం చేసినప్పుడే పెరీనియోమీటర్ అనే ఒత్తిడి కొలిచే పరికరాన్ని కూడా వాడారు. పరికరం చూపిన ముల్లును చూస్తూ స్త్రీలు నేర్చుకోవాలన్నది ఆయన ఉద్దేశం. కాలం గడిచేకొద్దీ వ్యాయామం మిగిలింది, చూసి నేర్చుకోవడం పోయింది.

తప్పుగా చేసేవాళ్లు మూడు రకాలుగా కనిపిస్తారు. ఒకరు బిగించమంటే ఊపిరి బిగబట్టి ముక్కుతారు. తెర మీద బొమ్మ మొత్తం ప్రోబ్ వైపు దిగి వస్తుంది. ఇంకొకరు పిరుదులు, తొడలు బిగిస్తారు. నడుము లేస్తుంది, బొమ్మ మొత్తం ఒక్కసారి ఊగుతుంది, కానీ ఎముకకూ కండరానికీ మధ్య దూరం ఏమాత్రం తగ్గదు. మూడో రకం పొట్ట గట్టిగా లోపలికి పీలుస్తారు. ఈ ముగ్గురూ బయటినుంచి చూసేవాళ్లకు ఎంతో కష్టపడుతున్నట్టే కనిపిస్తారు.

ఇక్కడ మాటే మందు. ‘పెల్విక్ ఫ్లోర్ కాంట్రాక్ట్ చేయండి’ అంటే ఎవరికీ అర్థం కాదు. ‘మూత్రం మధ్యలో ఆపినట్టు’ అంటే కొందరికి అందుతుంది. ‘నలుగురిలో కూర్చున్నప్పుడు గ్యాస్ బయటికి పోకుండా ఆపుకుంటారు చూడండి, అలా ఆపండమ్మా’ అంటే ఎక్కువమందికి అందుతుంది, ఎందుకంటే ప్యూబోరెక్టాలిస్ పని సరిగ్గా అదే. చెప్పాక తెరను ఆమె వైపు తిప్పాలి. ‘ఇదిగో, ఈ తెల్లటిది ముందుకు రావాలి. ఊపిరి ఆపకండి. మళ్లీ చేయండి.’ మొదటిసారి ఏమీ కదలదు, రెండోసారి చిన్నగా వణుకుతుంది, మూడోసారో నాలుగోసారో ఆ ముద్ద ఒక్క ఉదుటున ముందుకు జరుగుతుంది. ఆమె ముఖంలో అది తెలుస్తుంది. ఏ కండరమో ఒకసారి తెలిశాక ఇంట్లో చేసే సాధనకు అర్థం వస్తుంది. నిజంగా మూత్రం పోసేటప్పుడు ఆపి సాధన చేయమని మాత్రం చెప్పకూడదు. అది మూత్రసంచి పూర్తిగా ఖాళీ కాకుండా అలవాటు చేస్తుంది.

తరువాత దగ్గమనాలి. ఆరోగ్యంగా ఉన్న కండరం దగ్గుకు ఒక క్షణం ముందే తనంతట తాను బిగుస్తుంది. అది రాకపోతే మూత్రసంచి మెడ ఒక్కసారిగా కిందికి వెనక్కి తిరుగుతుంది, మూత్రనాళం మొదలు గరాటులా తెరుచుకుంటుంది. దగ్గేముందు కావాలని బిగించడం నేర్పిస్తే వారంలోనే కారడం తగ్గుతుందని 1998లో మిషిగన్ బృందమే వయసు మళ్లిన స్త్రీల మీద చూపింది. తెర ముందు ఈ చిన్న నేర్పు పట్టుబడటానికి పది నిమిషాలు చాలు.

వ్యాయామం మోతాదు విషయంలో పెద్ద చర్చ లేదు: కనీసం 8 బిగింపులు, రోజుకు 3 సార్లు, కనీసం 3 నెలలు. అంతకు ముందే పని చేయలేదని ఆపరేషన్‌కు పోవడం తొందరపాటు.

ముక్కమన్నప్పుడు

జారుడు ఎంతో తెలియాలంటే ముక్కించాలి. కనీసం 6 సెకన్లు, కనీసం మూడు సార్లు. అందులో ఏసారి ముక్కినప్పుడు ఎక్కువ జారిందో దాన్నే కొలతకు తీసుకోవాలి. రెండు సెకన్లు ముక్కితే పని కాదు. జారే అవయవం నెమ్మదిగా దిగుతుంది, వాకిలి నెమ్మదిగా విచ్చుకుంటుంది.

ఇందులో పెద్ద ఉచ్చు ఒకటుంది. ముక్కమంటే కొందరు, ముఖ్యంగా కాన్పు కాని యువతులు, కిందికి నెడుతూనే కండరాన్ని బిగిస్తారు. మూత్రం పడిపోతుందన్న భయం, గ్యాస్ పోతుందన్న సిగ్గు దానికి తోడు. దాన్ని ఎలా పట్టుకోవాలి? ముక్కినప్పుడు వాకిలి ముందు–వెనక కొలత పెరగాలి. తగ్గితే ఆమె బిగిస్తోందన్నమాట. ఆ కొలతతో జారుడు లేదని రాయడం తప్పు. ‘ఏం పడినా పర్వాలేదమ్మా, కింద గుడ్డ ఉంది, దొడ్డికి కూర్చున్నట్టు వదిలేసి ముక్కండి’ అని చెప్పి, తెర చూపించి మళ్లీ చేయించాలి. అప్పటికీ కుదరకపోతే నిలబెట్టి చూడాలి.

కొలతకు ఆధారం జఘనాస్థి కింది అంచు గుండా అడ్డంగా గీసిన గీత. ఉదాహరణకు మూత్రసంచి మెడ విశ్రాంతిలో గీతకు 28 మిల్లీమీటర్ల పైన ఉండి, ముక్కినప్పుడు 5 మిల్లీమీటర్ల కిందికి వస్తే, దిగుడు 33 మిల్లీమీటర్లు. 25 దాటితే మెడ అతిగా కదులుతోందని రాస్తారు. ముక్కినప్పుడు మూత్రసంచి గీతకు 10 మిల్లీమీటర్లు లేదా అంతకంటే కిందికి, మలసంచి 15 మిల్లీమీటర్లు లేదా అంతకంటే కిందికి వస్తే లక్షణాలు కనబడేంత జారుడు అనుకోవాలి. గర్భసంచి లెక్క వేరు. అది గీతకు ఇంకా 15 మిల్లీమీటర్ల పైన ఉండగానే జారుడు కింద లెక్క. ఈ తేడా తెలియక గర్భసంచి జారుడును వదిలేసిన రిపోర్టులు చాలా ఉంటాయి.

వెనక గోడ ఉబ్బినప్పుడు స్కాన్ చేసే మేలు ఇంకా స్పష్టం. బయటి నుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. తెర మీద చూస్తే ఒకరిలో మలసంచి ముందుకు జేబులా పొడుచుకొస్తుంది, ఇంకొకరిలో పేగు మడతలు యోనికీ మలసంచికీ మధ్య దిగుతాయి, మరొకరిలో జేబు ఏమీ ఉండదు, అడుగు మొత్తం దిగుతుంది. మూడింటికీ చేయాల్సింది ఒకటి కాదు.

ఊడిన కండరం

ఇక్కడి నుంచి 3డి, 4డి ప్రోబ్ కావాలి; 4 నుంచి 8 మెగాహెర్ట్జ్ వాల్యూమ్ ప్రోబ్. బిడ్డ ముఖం చూపించడానికి సెంటర్లలో వాడేది అదే. ఎముక వెనక అంచుకూ కండరం ముందు అంచుకూ మధ్య అతి తక్కువ దూరం ఉన్న తలాన్ని (ఇదే ఆధార తలం) ఎంచుకుని వాకిలిని అడ్డకోతలో చూస్తారు. ముక్కినప్పుడు వాకిలి వైశాల్యం 25 చదరపు సెంటీమీటర్లు చేరితే అతిగా సాగినట్టు. 30 నుంచి ఓ మోస్తరు, 35 నుంచి బాగా ఎక్కువ, 40 నుంచి తీవ్రం. స్కాన్ లేని చోట దీనికి ఒక ముతక కొలత ఉంది: ముక్కించి, మూత్రద్వారం నుంచి మలద్వారం మధ్య దాకా స్కేలుతో కొలిస్తే 7 సెంటీమీటర్లు లేదా ఆ పైన రావడం సాగుడుకు గుర్తు.

కండరం ఎముక నుంచి ఊడిందా అన్నది ముక్కినప్పుడు కాక గట్టిగా బిగించినప్పుడు చూడాలి. బిగించిన కండరం అంచు స్పష్టంగా ఉంటుంది. 2.5 మిల్లీమీటర్ల ఎడంతో 8 కోతలు తీస్తారు, ఆధార తలానికి 5 మిల్లీమీటర్ల కింద నుంచి 12.5 మిల్లీమీటర్ల పైదాకా. అందులో మూడింటి మీదే తీర్పు: ఆధార తలం, దానికి 2.5 పైన, 5 పైన. కోతలు సరైన చోట పడ్డాయా లేదా చెప్పేది ఎముకే. మొదటి దానిలో కీలు రెండు ముక్కలు ఎడంగా, రెండో దానిలో దగ్గరవుతూ, మూడో దానిలో కలిసిపోయి నీడలా కనిపించాలి. అలా లేకపోతే కోతలు జరిపి మళ్లీ తీయాలి. మూడింటిలోనూ అదే పక్క కండరం ఎముకకు అంటుకోకుండా ఉంటేనే పూర్తిగా ఊడిందని రాయాలి. అనుమానం ఉంటే మూత్రనాళం మధ్య నుంచి కండరం అంటుకున్న చోటి దాకా దూరం కొలుస్తారు. 25 మిల్లీమీటర్లు లేదా ఎక్కువైతే ఊడినట్టు. ఈ హద్దు తెల్లజాతి స్త్రీల మీద కట్టింది. తూర్పు ఆసియా స్త్రీలలో దాదాపు 23.6 దగ్గరే గీత గీయాల్సి వచ్చింది. మన స్త్రీలకు 25ను కళ్లు మూసుకుని వాడకుండా, రెండు పక్కలనూ పోల్చి చూడటం మంచిది.

ఎందరిలో ఊడుతుంది? 2003లో జాన్ డెలాన్సీ బృందం ఎమ్మారైతో చూసినప్పుడు మొదటి కాన్పు యోని ద్వారా అయినవారిలో 20 శాతం మందికి కండరంలో లోపం కనిపించింది. కాన్పు కానివారిలో ఒక్కరికీ లేదు. సిడ్నీలో పీటర్ డీట్జ్ 2005లో 3డి అల్ట్రాసౌండ్‌తో చూసిన 39 మందిలో 14 మందికి ఉంది. చూసిన పద్ధతిని బట్టి, కాన్పు చేసిన తీరును బట్టి లెక్క మారుతుంది. ఫోర్సెప్స్ (పటకారు లాంటి పరికరం) కాన్పులో ముప్పు అన్నిటికంటే ఎక్కువ. వాక్యూమ్‌తో అంత కాదు.

ఈ ఊడటం యోని కాన్పుతోనే వస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లు. దేశ సగటు 21.5. అందుకని ఇక్కడ ఈ సమస్య లేదనుకోవడం పొరపాటు. ఇప్పుడు గర్భసంచి జారి ఆసుపత్రికి వస్తున్నవాళ్లు ఆ రోజుల్లో ఇంట్లోనో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో నలుగురైదుగురిని కన్నవాళ్లు. కండరాన్ని కాపాడటానికే సిజేరియన్ చేయించుకోవాలన్న వాదనా నిలవదు, ఆ ఆపరేషన్ ముప్పులు దానికున్నాయి. కష్టమైన కాన్పు తరువాత ఒకసారి కండరాన్ని చూడాలి, అంతే. అది కూడా వెంటనే కాదు. మొదటి వారాల్లో గడ్డకట్టిన నెత్తురు, వాపు, ఊడిన కండరంలా కనిపిస్తాయి. కనీసం 3 నెలలు ఆగాలి.

ఊడిందని తెలిస్తే ఏం మారుతుంది? వ్యాయామం ఊడిన కండరాన్ని తిరిగి ఎముకకు అతికించదు. మిగిలిన భాగానికి, రెండో పక్కకు బలం ఇస్తుంది, దానికీ విలువ ఉంది. కానీ ‘సరిగ్గా చేయడం లేదు’ అని ఆమెను నిందించడం ఆగాలి. జారుడుకు ఆపరేషన్ చేస్తే మళ్లీ జారే అవకాశం ఇలాంటివారిలో స్పష్టంగా ఎక్కువ. జారుడును ఆపడానికి యోనిలో పెట్టే ఉంగరం, రింగ్ పెసరీ, పెడితే నిలవకుండా జారిపోయే అవకాశం కూడా ఎక్కువ. ఈ సంగతి ఆపరేషన్‌కు ముందే ఆమెకూ సర్జన్‌కూ తెలియాలి. గర్భసంచి తీసేస్తే సమస్య పోతుందని నమ్మి తీయించుకుని, రెండేళ్లకు యోని పైకప్పే జారిందని మళ్లీ వచ్చే స్త్రీకి ఆ మాట ఆలస్యంగా చెప్పి లాభం లేదు. కారణం వాకిలి వెడల్పులో ఉంది, తీసేసిన గర్భసంచిలో లేదు.

అదే బల్ల మీద మరో రెండు

మూత్రం పూర్తిగా ఖాళీ అవుతోందా అన్నది పక్క నుంచి తీసిన అదే బొమ్మలో తేలుతుంది. మూత్రసంచి రెండు పెద్ద కొలతలను సెంటీమీటర్లలో గుణించి, 5.6తో మళ్లీ గుణిస్తే మిల్లీలీటర్లు వస్తాయి. 4, 3 అయితే దాదాపు 67. కాన్పులో మలద్వారం దాకా చిరిగినవారికి ప్రోబ్‌ను అడ్డంగా తిప్పి మలద్వారం వైపు వంచి, బిగించమని చెప్పి చూస్తే మలద్వారాన్ని మూసి ఉంచే వలయ కండరం ఉంగరంలా కనిపిస్తుంది. లెక్కకు తీసుకునే 6 కోతల్లో కనీసం 4 కోతల్లో 30 డిగ్రీలకు మించిన ఖాళీ ఉంటే కుట్టు నిలవలేదన్నమాట. గ్యాస్ ఆగడం లేదని నోరు విప్పి చెప్పుకోలేని స్త్రీకి ఈ ఒక్క బొమ్మ ఎంతో అండ.

పొట్ట మీద నుంచి చూసే పద్ధతి, చట్టం

కింద పరీక్షకు ఒప్పుకోని స్త్రీలు, పెళ్లికాని అమ్మాయిలు ఉంటారు. వాళ్లకు మూత్రసంచి ఓ మోస్తరుగా నిండాక పొత్తికడుపు మీద ప్రోబ్ పెట్టి, కిందికి వంచి, మూత్రసంచి అడుగు బిగించినప్పుడు పైకి లేస్తోందా, కిందికి దిగుతోందా చూడవచ్చు. నేర్పడానికి పనికొస్తుంది. కొలతకు పనికిరాదు, ఎందుకంటే తెర మీద కదలని ఎముక లేదు, పొట్ట కదిలితే ప్రోబ్ కూడా కదులుతుంది. ఈ రోజు 6 మిల్లీమీటర్లు లేచింది, నెల తరువాత 9 లేచింది అని రాయడం అర్థం లేని పని.

ఆస్ట్రేలియా లాంటి చోట్ల ఫిజియోథెరపిస్టులే తమ గదిలో ఈ స్కాన్ పెట్టుకుని నేర్పిస్తారు. మన దేశంలో 1994 గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద యంత్రం నమోదైన కేంద్రంలోనే ఉండాలి, అర్హత ఉన్న వైద్యులే వాడాలి. ఆ చట్టం ఆడపిల్లల ప్రాణం కాపాడటానికి వచ్చింది, దాన్ని సడలించమనడం లేదు. ఆ హద్దులోనే మార్గం ఉంది. ఫిజియోథెరపిస్టు వారానికి ఒక పూట స్కాన్ సెంటర్‌కు వచ్చి, రేడియాలజిస్టు గానీ గైనకాలజిస్టు గానీ ప్రోబ్ పట్టుకుంటే, పక్కన నిలబడి ఆమెకు మాట చెప్పవచ్చు. బిగించినప్పటి, వదిలినప్పటి వీడియోను దాచి తరువాతి సారి పక్కపక్కన చూపవచ్చు. మధ్య వారాల్లో వేలి పరీక్ష, పెరీనియోమీటర్ ఉన్నాయి.

వీడియో దాచేటప్పుడు, మూడు నెలల తరువాత పోల్చి చూసేటప్పుడు ఒకే తీరు పాటించాలి: మూత్రసంచి రెండుసార్లూ ఖాళీగా, పడుకున్న తీరు అదే, లోతు అదే. రాసి పంపే డాక్టర్ ‘స్కాన్ పెల్విస్’ అని వదిలేయకుండా ‘ట్రాన్స్‌పెరీనియల్, బిగించి, ముక్కించి’ అని రాయాలి. చేసినవాళ్లు రిపోర్టులో మూత్రసంచి మెడ విశ్రాంతిలో ఎక్కడ ఉంది, ముక్కినప్పుడు ఎక్కడికి వచ్చింది, మూడు అవయవాల్లో ఏది ఎంత కిందికి దిగింది, బిగించినప్పుడు వాకిలి ఎంత తగ్గింది, కండరం రెండు పక్కలా ఎముకకు అంటుకుని ఉందా, మిగిలిన మూత్రం ఎంత అన్నవి రాయాలి. ఆమె ముక్కడం సరిగ్గా కుదిరిందా లేదా అన్నది కూడా ఒక వాక్యంలో రాయాలి. ముక్కడం కుదరని రోజు తీసిన కొలతకు ఆ ఒక్క వాక్యం లేకపోతే, తరువాత చూసే సర్జన్ దాన్నే నిజమని నమ్ముతాడు.